కుడిచేతి సంగతి

జనవరి 18

ఎడమ చేత్తో రాస్తున్నాను. కోడి కెలికినట్టుంది. బొగ్గు బాయిలో కార్మికుల మీద సర్దారుగా ఉన్నన్నాళ్లూ షిఫ్టు దిగి పైకి రాగానే రిపోర్టు రాయడం నా డ్యూటీ. పైకప్పు ఎక్కడ గట్టిగా ఉంది, ఎక్కడ గాలి ఆడడం లేదు, ఎవరికి దెబ్బ తగిలింది, అన్నీ రాసి సంతకం పెట్టేవాణ్ణి. మంగయ్య రిపోర్టు కళ్లజోడు లేకుండా చదవచ్చు అని మా అండర్ మేనేజరు అనేవాడు. ఇప్పుడు రాసినవాడికే అర్థం కావడం లేదు.

రాయమన్నది మధులత. పాల్వంచలో నాకు ఫిజియోథెరపీ చేసే పిల్ల. "రోజూ ఏదో ఒకటి రాయండి బాబాయ్, ఎడమ చెయ్యన్నా పనికొస్తది" అంది. ఏముంది రాయడానికి? దసరా వెళ్లిన వారం ఫస్టు షిఫ్టుకి బూట్లు తొడుక్కుంటూ పడిపోయాను. దవాఖానాలో కళ్లు తెరిచేసరికి కుడి చెయ్యి, కుడి కాలు నా మాట వినడం మానేశాయి. అంతే.

జనవరి 22

మధులత అప్పుడప్పుడు పరీక్ష పెడుతుంది. రక్తపరీక్ష కాదు. తినడం, స్నానం, తల దువ్వుకోవడం, చొక్కా గుండీలు, దొడ్డికి వెళ్లడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, మెట్లెక్కడం. ప్రతిదానికీ మూడే జవాబులు. సొంతంగా, సాయంతో, అసలు రాదు. అడిగేది నన్ను కాదు, నాగలక్ష్మిని. మగవాళ్లను అడిగితే అన్నీ సొంతంగానే చేసుకుంటున్నామంటారట. అన్నాన్నేను కూడా, మొదటిసారి.

"తినడం ఎట్లుంది పిన్నీ?"

"నేనే పెడ్తున్న బిడ్డా. ఎడమ చేత్తో తినమంటే తినడు."

"చెంచా ఇచ్చి చూసిన్రా?"

"ఇచ్చిన. ఇసిరి కొట్టిండు."

విసరలేదు. జారింది.

ఎడమ చెయ్యి దేనికి వాడతామో అందరికీ తెలుసు. చిన్నప్పుడు ఆ చెయ్యి కంచం వైపు వస్తే మా అమ్మ గరిటెతో ఒక్కటి వేసేది. ఇప్పుడు ఆ చేత్తో ముద్ద కలిపి నోట్లో పెట్టుకోమంటే ఎలా? తప్పు లేదు బాబాయ్ అంటుంది మధులత. తప్పు లేదని నాకూ తెలుసు, నా నోటికే తెలియదు. అందుకని నాగలక్ష్మి పెడుతుంది, నేను తింటాను. ఎవరైనా గడపలోకి వస్తే కడుపు నిండినట్టు తల తిప్పేస్తాను. పెళ్లాం చేత ముద్దలు పెట్టించుకునే సర్దారును చూడడానికి జనం బాగానే వస్తున్నారు.

నా కుడి చేత్తో నేను ఒక్క పూట అన్నం తినాలి. ఇంకేమీ అక్కర్లేదు.

ఫిబ్రవరి 2

కర్ర పట్టుకుని బాత్రూం దాకా వెళ్లాను. తలుపు చెక్క కుడి భుజానికి కొట్టుకుంది. ఈ క్వార్టర్లకు గుమ్మాలు ఇంత ఇరుగ్గా ఎవడు కట్టించాడో.

ఫిబ్రవరి 9

పగిడయ్య వచ్చాడు. మా బాయిలోనే పని. పోయినేడు అతనికీ నాలాగే అయింది. అతని కథ కాలనీలో అందరికీ తెలిసిందే, అయినా మళ్లీ చెప్పాడు.

రోగం వచ్చి పని చేయలేని మనిషిని మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేస్తే ఆ ఉద్యోగం కొడుక్కి వస్తుంది. బోర్డు గనక తేలిక పనికి పనికొస్తాడంటే పైన యార్డులో ఏదో ఒకటి ఇస్తారు, కొడుక్కి రాదు. పగిడయ్య బోర్డు గదిలో కూర్చుంటే డాక్టరు మంచినీళ్ల బాటిల్ అందించాడట. దాహంలో, పడిపోయిందన్న చేత్తోనే అందుకున్నాడట.

"ఒక్క గుక్క నీళ్లు తాగిన అన్నా, కొడుకు నౌకరి పాయె" అన్నాడు. అతనిప్పుడు యార్డులో గేటు దగ్గర కూర్చుంటాడు. కొడుకు అతనితో మాట్లాడడు.

నా కొడుకు సంపత్ అక్కడే గోడకానుకుని అంతా విన్నాడు. డిగ్రీ చదివి, కాంట్రాక్టరు కింద బొగ్గు లారీలకు టార్పాలిన్లు కడుతున్నాడు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి బాయి దిగి వచ్చిన నాకంటే నల్లగా ఉంటాడు. పగిడయ్య వెళ్లాక నా కాలికి నూనె రాస్తూ, తల ఎత్తకుండా, "నాయినా, బోర్డు దాకా జర..." అని ఆగిపోయాడు. చాలాసేపు కాలు పిసుకుతూనే ఉన్నాడు.

ఫిబ్రవరి 10

వాడు అడగలేదు.

ఫిబ్రవరి 19

బొటనవేలు కదిలింది.

పొద్దున నాగలక్ష్మి నల్లా దగ్గరికి వెళ్లింది. నేను కిటికీ పక్కన కూర్చుని, ఒళ్లో చచ్చిన చేపలా పడి ఉన్న చేతి వంక చూస్తున్నాను. రోజూ చూస్తాను, తిడతాను కూడా. ఇవాళ బొటనవేలు లోపలికి వంగింది. ఈగ వాలిందేమో అనుకుని మళ్లీ చూశాను. మళ్లీ వంగింది. నేను వంచితేనే వంగింది.

ఒళ్లంతా చెమట పట్టింది. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. "నాగలక్ష్మీ" అని కాలనీ అంతా వినపడేలా కేకేశాను. బిందె అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చింది.

"ఏందయ్యా, ఏమైంది?"

నీళ్లు అన్నాను.

"నీళ్లకా గంత లొల్లి?" అని గొణుక్కుంటూ గ్లాసు నోటికి అందించింది. తాగాను. తాగుతుంటే ఆమె మొహంలోకి చూడలేకపోయాను. ఆమెకు చెప్తే ఆ సంతోషంలో నల్లా దగ్గర చెప్తుంది. నల్లా దగ్గర చెప్తే బోర్డు దాకా వెళ్తుంది. బోర్డు అయ్యాక చెప్తాను. ఎన్నాళ్లని, వేసవిలోపు పిలుస్తారట.

మార్చి 3

పాల్వంచ వెళ్లాం. మధులత నా అరచేతిలో స్పాంజి బంతి పెట్టి నొక్కమంది. పాపం నేలమీద గొంతుక్కూర్చుని, నా చేతికి మొహం ఆనించినంత దగ్గరగా పెట్టి చూస్తోంది. నాకు నొక్కడం వచ్చు. నిన్న దుప్పటి అంచు పట్టుకుని లాగాను కూడా. చేతిని అలాగే వదిలేశాను. వచ్చే పనిని రానట్టు పెట్టడం చాలా కష్టం. భుజం దగ్గర నొప్పి పుట్టింది.

"ఏమన్నా తెలుస్తుందా బాబాయ్? కొంచెమన్నా?"

"లేదు బిడ్డా."

"ఈ నెలలు మళ్లీ రావు బాబాయ్. ఇప్పుడు ఎంత వాడితే అంత వస్తది. వాడకపోతే వేళ్లు బిగుసుకపోతయ్, అప్పుడు నేను కూడా ఏం చెయ్యలేను." ఆమె మొహం చిన్నబోయింది. తన చేతిలో ఏదో లోపం ఉందనుకుంది. నాగలక్ష్మిని పరీక్ష ప్రశ్నలన్నీ మళ్లీ అడిగింది. తినడం అసలు రాదు, గుండీలు అసలు రాదు. నాగలక్ష్మి ఆ మాటలు చెప్తూ ప్రతిసారీ నా వంక సారీ చెప్తున్నట్టు చూసింది.

చదువుకునే రోజుల్లో పాసవడానికి కష్టపడ్డాను. ఈ వయసులో ఫెయిలవడానికి పడుతున్నాను.

మార్చి 4

ఏమీ లేదు.

మార్చి 17

నాగలక్ష్మి చండ్రుగొండలో వాళ్ల చెల్లెలింటికి వెళ్లింది, ఆ పిల్లకి బాగాలేదంటే. సంపత్ పనిలో ఉన్నాడు. అన్నం, పప్పు కంచంలో వేసి మూత పెట్టి, పక్కింటావిడ వచ్చి పెడుతుందని చెప్పి వెళ్లింది. నేను తలుపు గడియ పెట్టేశాను. పక్కింటావిడ వచ్చి కొట్టి, నిద్రపోతున్నాననుకుని వెళ్లిపోయింది.

కుడి చేత్తో కలిపాను. కలపడమంటే, వేళ్లను అన్నంలో ముంచి అటూ ఇటూ ఈడ్చాను. వేడి తెలిసింది. పప్పులో ఉప్పు రాయి చేతికి తగిలింది, అదీ తెలిసింది. ముద్ద ఎత్తితే సగం దారిలో లుంగీ మీద పడింది. మళ్లీ ఎత్తాను, గడ్డానికి పూసుకుంది. ఆ తర్వాత నాలుగు మెతుకులు నాలుక మీదికి వచ్చాయి. ఆ నాలుగు మెతుకులూ ఎంతసేపు నమిలానో. పెళ్లిళ్లలో తిన్న ఏ భోజనం రుచీ దీనికి సాటి రాదు. ఒంటరిగా తిన్నాను, అదొక్కటే లోటు. చూసి "తిన్నడమ్మా!" అనేవాళ్లు ఒక్కరున్నా ఆ మెతుకులు ఇంకో రకంగా ఉండేవి.

తర్వాత ఎడమ చేత్తో నేల మీది మెతుకులన్నీ ఏరాను, లుంగీ మార్చుకున్నాను. సాయంత్రం నాగలక్ష్మి వచ్చి, పక్కింటావిడే పెట్టిందనుకుని, "పొద్దున సరిగ్గ తిన్నవా?" అని అన్నం పెట్టింది. నోరు తెరిచాను. పొద్దుటి కంచంలో కుడి పక్క అన్నం అలాగే మిగిలిందని చూపించింది. తినేటప్పుడు నాకది కనపడలేదు. ఆమే ఇంకాస్త వేసి ఉంటుంది.

ఏప్రిల్ 2

బోర్డు వచ్చే నెలలో అని కబురు వచ్చింది. సంపత్ మంచం ముందు కుర్చీ వేసుకుని డాక్టరు వేషం కట్టాడు.

"మంగయ్యా, లేచి నడువు."

నడిచాను.

"గంత జల్దీ నడుస్తే ఎట్ల నాయినా? కాలు జర ఈడ్చు."

ఈడ్చాను. వాడు నవ్వాడు, నేనూ నవ్వాను. వంటింట్లోంచి నాగలక్ష్మి అట్లకాడతో వచ్చింది. "ఉన్న రోగం సాలదారా? ఇంకా నేర్పుతున్నవా నాయినకు?" సంపత్ మొహం మాడిపోయింది. బయటికి వెళ్లి చాలాసేపు రాలేదు.

చేతి గురించి వాడొక్క మాట అనలేదు. చెయ్యి నిజంగానే పోయిందనుకుంటున్నాడు కదా. వాడు అడగలేదు, నేనే అనుకున్నాను. అది రాసి పెట్టుకోవాలి.

ఏప్రిల్ 20

పాల్వంచ వెళ్లడం మానేశాను. మధులత రెండుసార్లు ఫోన్ చేసింది. దమ్మపేటలో బావమరిది ఇంట్లో ఉన్నామని చెప్పమన్నాను. నాగలక్ష్మికి అబద్ధం చెప్పడం రాదు, "దమ్మపేటల ఉన్నం బిడ్డా" అని ఫోన్లో చెప్తుంటే వెనక మా కాలనీ కూరగాయల బండివాడు అరుస్తున్నాడు.

ఎండలు ముదిరాయి. తలుపు వేస్తే ఉక్క, తీస్తే జనం. పలకరించడానికి వచ్చినవాళ్లంతా ముందు నా చేతి వంకే చూస్తారు. "ఏం లేవడంలేదా అన్నా? పోనీలే, బోర్డు దాకా ఇంకో నెల ఓపిక పట్టు" అంటారు. ఎవరైనా రోగికి నయం కావాలని కోరుకుంటారు. నాకు మాత్రం నయం కాకూడదని ఇంటింటా దండం పెట్టుకుంటున్నారు. వాళ్లది మంచి మనసే. నాకే ఎవరూ లేనట్టుంటుంది.

అందుకని చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ముడిచి కూర్చుంటున్నాను. అలవాటైంది.

మే 6

పొద్దున వేళ్లు తెరవబోతే మొరాయించాయి. ఎండ వల్ల అయ్యుంటుంది.

మే 12

ఎండ వల్లే.

మే 21

బోర్డు అయిపోయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను, రిపోర్టులా.

పెద్ద దవాఖానా వరండాలో బెంచీల మీద నాలాంటి వాళ్లం చాలామందిమి. ఎడమ చేతిలో కర్ర, ఒళ్లో ముడుచుకున్న కుడి చెయ్యి. పక్కన నాగలక్ష్మి. సంపత్ కాగితాలు జిరాక్సు తీయించడానికి వెళ్లాడు. మా బెంచీ చివర ఎర్రమ్మ అనే ఆవిడ, ఆమె భర్తకూ ఇవాళే. నిన్న భద్రాచలం వెళ్లి వచ్చారట. లడ్డూ విప్పి, వరసగా అందరికీ చిదిపి పెడుతూ వచ్చింది. "రామయ్య ప్రసాదం అన్నా, తీస్కో."

నా ఎడమ చేతిలో కర్ర ఉంది. కర్ర లేకపోయినా ఆ చెయ్యి వెళ్లేది కాదు. కుడి చెయ్యి లేచింది. నేను లేపలేదు. ఎర్రమ్మ ముందు అరచెయ్యి సగం తెరుచుకుని నిలబడింది, ఆమె లడ్డూ ముక్క అందులో పెట్టి పక్కాయన దగ్గరికి వెళ్లిపోయింది. ఆమెకు నేనెవరో, నా రోగమేమిటో తెలియదు.

నాగలక్ష్మికి తెలుసు. ఆమె నా చేతి వంక చూసింది, తర్వాత నా మొహం వంక చూసింది. ఆమె కళ్లలోకి ఒక్కసారి వెలుగొచ్చింది. నోరు తెరిచింది. అంతలో గది తలుపు తీసి అటెండరు నా పేరు పిలిచాడు. ఆమె నోరు మూసుకుంది. కొంగు తీసి నా చెయ్యి మీద కప్పి, ఆ కొంగు కింద నా వేళ్లు ఒక్కొక్కటే మడిచింది. లడ్డూ లోపలే నలిగింది.

లోపల ముగ్గురు డాక్టర్లు. ఒకాయన నా ముందు కూర్చుని రెండు చేతులూ చాపాడు.

"నా ముక్కు దిక్కే చూడు. ఏ పక్క వేలు కదుల్తుంది?"

"ఎడమ పక్క సార్."

"ఇప్పుడు?"

"కదుల్తలేదు సార్."

"కదుల్తనే ఉంది."

ఆ వేలు నెమ్మదిగా నా ముక్కు ముందుకు తెచ్చాకే నాకు కనపడింది.

"కుడి దిక్కు చూపు పోయింది నీకు. గోడలకు, తలుపులకు కొట్టుకుంటలేవా?"

"క్వార్టర్లు ఇరుకు సార్" అన్నాను.

ఆయన నవ్వలేదు. మిగతా ఇద్దరితో, "బాయి సంగతి సరే, యార్డులో పెట్టినా ఏ లారీ కిందనో పడతడు" అన్నాడు. తలకు తీసిన స్కానింగ్ ఫిల్ము వెలుతురుకు పట్టి చూశారు. అన్‌ఫిట్. పొమ్మన్నారు.

నా చెయ్యి ఎవరూ ముట్టుకోలేదు. ఎత్తమనలేదు, నొక్కమనలేదు, నీళ్ల బాటిల్ ఇవ్వలేదు. నేను కుర్చీలోంచి వెంటనే లేవలేదు. చెయ్యి చూడరా సార్ అని అడగబోయి ఊరుకున్నాను.

బయట సంపత్ నన్ను కావలించుకుని ఏడ్చాడు. నా ఎడమ చేత్తో వాడి వీపు నిమిరాను.

మే 22

మధ్యాహ్నం నాగలక్ష్మి కంచం తెచ్చి, అన్నం కలిపి, ముద్ద చేతిలో పట్టుకుని ఆగింది.

"ఎప్పటి సంది?"

"ఫిబ్రవరి."

"ఫిబ్రవరి సంది నేను పెడ్తుంటే నోరు తెరిచినవు. నాకన్న చెప్పకపోతివి."

ఉద్యోగం కోసం, సంపత్ కోసం అని ఏదో అన్నాను. ముద్ద కంచంలో పడేసింది. "శనివారం శనివారం ఒక్కపొద్దుంటున్న. దేనికనుకున్నవ్?"

ఆమె ఒక్కపొద్దుంటుందని నాకు తెలుసు. కొడుకు ఉద్యోగం కోసమనుకున్నాను.

"నీ చెయ్యి కోసం" అని లోపలికి వెళ్లిపోయింది. నాకు సిగ్గేసింది. ఇంతకంటే రాయలేను.

జూన్ 3

పాల్వంచ. దారి పక్కన ఊళ్లలో తునికాకు కట్టలు ఎండలో ఆరబోసి ఉన్నాయి. బస్సులో నాగలక్ష్మి నా కుడి పక్కనే కూర్చుంది.

మధులత ఏమీ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. వేళ్లు ఒక్కొక్కటే సాగదీసి చూసింది. మూడో వేలి దగ్గర అరిచాను.

"దమ్మపేటలో ఎక్సర్‌సైజులు చేసిన్రా బాబాయ్?"

నేను చేతిని వెనక్కి లాక్కున్నాను. బోర్డు అయిందా అని అడిగింది. అయిందన్నాను. ఆమె తల ఊపింది. ఈ బొగ్గు బెల్టులో పనిచేసే పిల్ల, ఇంకేం చెప్పాలి.

మళ్లీ మొదటి నుంచీ పరీక్ష.

"తినడం పిన్నీ? కుడి చేత్తో సొంతంగా తినగలడా?"

నాగలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏమో బిడ్డా. నేనెన్నడు చూడలే."

బస్టాండుకు నడిచే ముందు మధులత నన్ను పక్కకు పిలిచి ఉన్న మాట చెప్పింది. అప్పుడే వచ్చి ఉంటే గుండీలు పెట్టుకునేదాకా, పెన్ను పట్టుకునేదాకా తీసుకెళ్లేదట. ఇప్పుడు అన్నం ముద్ద దాకా తెస్తుందట. అంతకుమించి మాట ఇవ్వలేనంది. సరే బిడ్డా అన్నాను.

బస్సులో నాగలక్ష్మి అంది, "పిలగానికి చెప్పకు. తెలిస్తే ఆ నౌకరి చేయలేడు."

జూలై 9

తలుపు వేసుకుని తింటున్నాం. నేను తింటాను, ఆమె చూస్తుంది. సగం తినేసరికి చెయ్యి అలిసిపోతుంది, మిగతాది ఆమె పెడుతుంది. గుండీలు ఆమే పెడుతుంది. ఇది ఇప్పటికీ ఎడమ చేత్తోనే రాస్తున్నాను.

ఆగస్టు 14

సంపత్ ఇవాళ ట్రైనింగుకి వెళ్లాడు. కొత్త బూట్లు. మొన్నటిదాకా తిట్టుకున్న టార్పాలిన్ తాళ్లు కోసిన గీతలు ఇంకా చేతుల మీద ఉన్నాయి. బయలుదేరే ముందు నా కాళ్ల మీద పడ్డాడు.

కొడుకు మొదటి రోజు పనికి వెళ్తూ కాళ్లు మొక్కితే ఎడమ చెయ్యి ఎవడు పెడతాడు? కుడి చెయ్యి ఎత్తి వాడి తల మీద పెట్టాను. వేళ్లు పూర్తిగా తెరుచుకోలేదు, పిడికిలే పెట్టాను.

వాడు నెమ్మదిగా తల ఎత్తి ఆ చెయ్యి చూశాడు.

"ఎప్పటి సంది నాయినా?"

నాగలక్ష్మి టిఫిన్ డబ్బాతో గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇయ్యాల్నే" అన్నాను.

సంపత్ ఒక్క గెంతు గెంతాడు. "అమ్మా! నాయిన చెయ్యి లేసిందే! అమ్మా, ఉరికిరా!" అని వాకిట్లోకి పరిగెత్తి అటూ ఇటూ క్వార్టర్ల వాళ్లనందరినీ పిలిచాడు. నా చేతిని రెండు చేతులతో పట్టుకుని కళ్లకద్దుకున్నాడు, వచ్చిన ప్రతివాడికీ ఎత్తి చూపించాడు. వచ్చినవాళ్లంతా చప్పట్లు కొట్టారు. నాగలక్ష్మి డబ్బా కింద పెట్టి దగ్గరికి వచ్చింది.

"అవ్ రా, లేసింది" అంది.

నేను కూడా ఇప్పుడే చూస్తున్నట్టు నా చేతి వంక చూశాను.